ఆలస్యపు ఈగలు

నా ఉద్యోగం గురించి ఎవరడిగినా మా ఆయన ఒకటే జోకు వేస్తాడు. "ఆవిడకేం, ఆఫీసులో కూచుని ఈగలు తోలుకుంటుంది" అంటాడు. విన్నవాళ్ళు నవ్వుతారు, పనీపాటా లేని ఉద్యోగం కాబోలు అనుకుంటారు. అప్పుడు మిగతా సగం వడ్డిస్తాడు. "అబద్ధం కాదండీ, నిజంగా ఈగలే. వాటికి వండి పెట్టడమే మా ఆవిడ పని." దాంతో నవ్వు రెట్టింపవుతుంది. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, డాక్టరు గది బయట బెంచీ మీద, ఎన్నిచోట్ల విన్నానో ఈ జోకు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. తర్వాత నవ్వినట్టు నటించేదాన్ని. ఇప్పుడు ఆ మాట వచ్చే సమయానికి చేతిసంచిలో ఏదో వెతుక్కుంటూ ఉంటాను.

ఆదివారం పొద్దున మనవరాలి పాలసీసాలు మరిగించి, ఒక్కొక్కటే గుడ్డ మీద బోర్లిస్తున్నాను. వెనకనుంచి మా అమ్మాయి వచ్చి, "అమ్మా, రేపు చెప్పేస్తావుగా మీ మేడమ్‌కి?" అంది. చెప్పాల్సిందేమిటంటే, నేను ఉద్యోగం మానేస్తున్నానని. అమ్మాయికి పురిటి సెలవు అయిపోవస్తోంది, వచ్చేవారం డ్యూటీలో చేరాలి. అల్లుడి ఉద్యోగం వేరే ఊళ్ళో. పిల్లకింకా ఆరో నెల. కాబట్టి నేను మానేసి పిల్లని చూసుకోవాలి. ఈ 'కాబట్టి'ని ఎవరు తెచ్చారో నాకు తెలీదు. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది మా ఇంట్లో కాళ్ళు చాపుక్కూచుని ఉంది. మా ఆయన రిటైరై ఏడాది కావస్తోంది. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. పేపరు చదువుతాడు, ఫోన్లో వీడియోలు చూస్తాడు, కునుకు తీస్తాడు. ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తోచలేదు.

"నీకిప్పుడు వచ్చే ప్రమోషనుందా, పోయే హోదా ఉందా? ఈగలే కదమ్మా" అంది అమ్మాయి. ప్రేమగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఈగలే. కాదనను. కానీ ఏ ఈగలో ఒక్కసారి చెప్పనివ్వండి.

ముగ్గిపోయిన అరటిపండు చుట్టూ మూగే బుల్లి ఈగల్ని చూసే ఉంటారు. అవే. మా ల్యాబు గదిలో అరల నిండా గాజుసీసాలు. సీసా అడుగున నేను వండిన ముద్ద, మూతికి దూది బిరడా. మొక్కజొన్నపిండి, చక్కెర, ఈస్టు, గట్టిపడ్డానికి కాస్త నాచుపొడి, ఇవన్నీ పెద్ద గిన్నెలో వేసి, ఉండకట్టకుండా కలియబెట్టి, ఉడికించి, వేడివేడిగా సీసాల్లో పోసి ఆరనిస్తాను. ఇంట్లో నేను వండితే ఉప్పెక్కువైందనో, ఇంకా ఉడకాలనో ఏదో ఒక వంక ఉంటుంది. ఈగలు ఒక్కనాడు వంక పెట్టిన పాపాన పోలేదు. తింటాయి, గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి తెల్లటి పురుగు వస్తుంది, అది గుల్లలోకి ముడుచుకుంటుంది, పట్టుమని రెండు వారాలు తిరక్కుండా రెక్కలు తొడుక్కుని పైకొస్తుంది. నేను ఆ ఈగల్ని పాత సీసాలోంచి కొత్త సీసాలోకి మారుస్తాను. సీసాని మెత్తటి దిండు మీద రెండుసార్లు తట్టి, అవి అడుక్కి పడగానే చటుక్కున బోర్లించాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే గదంతా ఈగలే.

ఆ అరల్లో రెండు వరసలున్నాయి. ఒకటి మామూలు వరస. అందులో వయసులో ఉన్న తల్లులు పెట్టిన గుడ్లు ఉంచుతాం, వాటినుంచి తర్వాతి తరం వస్తుంది. రెండోది ఆలస్యం వరస. ఇందులో పడుచు తల్లుల గుడ్లు ఉంచం, పారేస్తాం. తల్లులు ముసలివై, తోటివన్నీ రాలిపోయాక, అప్పటికీ బతికుండి ఏ కొన్నో గుడ్లు పెడతాయే, ఆ గుడ్లు మాత్రం ఉంచుతాం. వాటి పిల్లలు ముసలయ్యేదాకా మళ్ళీ ఆగుతాం. అంతే. వాటికి మందు పెట్టలేదు, సూది గుచ్చలేదు, మంత్రం వెయ్యలేదు. ఏ గుడ్లు ఉంచాలి, ఏవి పారెయ్యాలి అన్నదొక్కటే మార్చాం. నేను చేరిన కొత్తలో రెండు వరసల ఈగలూ ఒకేలా పుట్టి ఒకేలా పోయేవి. ఇప్పుడు మామూలు సీసాలో ఆఖరి ఈగ కూడా చచ్చి ముద్దకి అతుక్కుపోయిన రోజున, పక్క సీసాలో ఆలస్యపు ఈగలు గాజుగోడ మీద నిక్షేపంగా పాకుతుంటాయి. దాదాపు రెట్టింపు ఆయుష్షు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. ఈ ఈగలు ఆ పుడకల తేదీనే వెనక్కి జరిపేశాయి!

అది మొదటిసారి నాకు నిజంగా తట్టిన రోజు బాగా గుర్తుంది. రెండు సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. కుడిచేతిలోది నిశ్శబ్దంగా ఉంది. ఎడమచేతిలోది సన్నగా గింగురుమంటోంది. ఒకే జాతి, ఒకే వంట, వండింది నేనే.  స్టూలు లాక్కుని కూచున్నాను. దేవుణ్ణి చూసినవాళ్ళకి ఎలా ఉంటుందో తెలీదు గానీ, నాకు మాత్రం ఒళ్ళంతా జలదరించింది. నా కళ్ళెదుట, నేను కడిగిన సీసాల్లో, ప్రాణం తన రాతని తను తిరగరాసుకుంది. ఎవరూ దాన్ని బతిమాలలేదు, బెదిరించలేదు.

ఈ ఈగల ప్రయోగం నడిపే మా మేడమ్ పొట్టి మనిషి, కోపిష్టి. ఇంట్లో ఎవరిమీద అలిగి వచ్చిందో, అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తుందని కుర్రవాళ్ళు వెనకాల అనుకుంటారు. ఆవిడ ఆ రోజు నన్ను చూసి, "ఏమ్మా, కళ్ళు తిరిగాయా?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఒక ఈగకి గ్యాసుతో మత్తిచ్చి భూతద్దం కింద పెట్టి, "చూడు" అంది. ఎర్రటి కన్ను. ఒక కన్ను కాదు, వందల బుల్లి కళ్ళు, చెయ్యి తిరిగినవాళ్ళు అల్లినట్టు వరస తప్పకుండా కూర్చిన కళ్ళు. నేను తెల్లబోయి చూస్తుంటే ఆవిడ పక్కనుంచి చెప్పింది. "దీన్ని కట్టిన పనిముట్లలో చాలావరకు నిన్ను కట్టడానికీ వాడినవే. కోట్ల ఏళ్ళ కిందట, సముద్రంలో, నీకూ దీనికీ ఒకే జేజమ్మ." మా అత్తగారి వైపు చుట్టమై ఉంటుంది మేడమ్ అన్నాను. అప్పుడు నవ్వింది ఆవిడ, పడీపడీ నవ్వింది.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ లెక్కేసుకోబోయి ఊరుకున్నాను, లెక్కకందేది కాదది. నా వెనక మా అమ్మ, ఆవిడ వెనక వాళ్ళమ్మ, ఆ వెనక ఇంకో అమ్మ. పోనుపోను మాట రాని అమ్మలు, తోకలున్న అమ్మలు, నేలమీదికి రాని అమ్మలు. ఆ వరసలో ఒక్కతంటే ఒక్కతె, తన బిడ్డని కనేలోపు చచ్చిపోలేదు. కరువులొచ్చాయి, మంచు కప్పింది, కొండలు పేలాయి, ఏదో ఒక మృగం తరిమింది. అయినా ఒక్కతె తప్పలేదు. తప్పి ఉంటే నేను ఈ బస్సులో ఈ కిటికీ పక్కన లేను. ముగ్గురు నలుగురివి తప్ప వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క సీటావిడ, "ఇంట్లో ఏమన్నా గొడవా అమ్మా?" అంది జాలిగా. ఏం చెప్పను? చేపగా ఉన్న మా అమ్మమ్మ గుర్తొచ్చిందని చెప్పనా!

ఇంట్లో చెప్పబోయాను. "అంటే కోతి నుంచి పుట్టామనేగా, అదెవరికి తెలీదు? మీ అన్నయ్యని చూసినప్పుడే అనుకున్నాను" అన్నాడు మా ఆయన. అక్కడితో సరి. ఆఫీసులో మాత్రం నన్ను నెత్తిన పెట్టుకున్నారని కాదు. బయటినుంచి పెద్దమనుషులు వస్తే, "ఈగలకెలాగూ వండుతున్నావుగా అక్కా, ఆ చేత్తోనే చెయ్యి మాక్కాస్త టీ" అనే కుర్రవాళ్ళున్నారు. గ్రూపు ఫొటో తీసేటప్పుడు, "అక్కా, ఈ సంచులు కాస్త పట్టుకో" అంటారు. ఆ సంచులతో కెమెరా వెనక నిలబడి నేను చాలా ఫొటోలు చూశాను.

అయినా ఆ గది నాకు కావాలి. ఎందుకు కావాలని ఇంట్లో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. జీతం గురించి కాదు. ఆ సీసాల ముందు నిలబడ్డప్పుడు నేను ఎవరి కోడల్నీ కాను, ఎవరి వంటమనిషినీ కాను. సముద్రం నుంచి నడిచొచ్చిన ఒక వరసలో ఒక మనిషిని. శుక్రవారంనాడు మేడమ్‌తో, మానేస్తానేమోనని నసిగాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "చదువుకునే పిల్లలు వస్తారు, పట్టా పుచ్చుకుని పోతారు. నేనూ త్వరలో పోతాను. ఆలస్యం వరస ఇన్నేళ్ళూ నీ చేతి మీద నడిచింది. నువ్వు లేకపోతే ఆపేద్దాం. సోమవారం వాటి గుడ్లు తీసే రోజు. ఆలోగా చెప్పు" అంది. ఆపేద్దాం అన్న మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఇక ఆదివారం భోజనాల సంగతి. పిల్ల ఏడుస్తోంది. ఎడమచేత్తో దాన్ని భుజానేసుకుని కుడిచేత్తో తింటున్నాను. అది వెక్కిళ్ళు ఆపి నా మెడలో మొహం దాచుకుంది. మా ఆయన అది చూసి అమ్మాయితో అన్నాడు. "చూశావా, మీ అమ్మ దగ్గర ఎలా ఊరుకుందో? దీన్నే పరిణామం అంటారు. లక్షల ఏళ్ళు మగాడు వేటకి పోయాడు, ఆడది గుహలో కూచుని పిల్లల్ని సాకింది. అది ఒంట్లో ఇంకిపోయింది. ఇది నేనంటున్న మాట కాదు, సైన్సు. మగాడి చేతికి పసిపిల్లనిస్తే బల్లెం పట్టుకున్నట్టు పట్టుకుంటాడు."

ఆయన జన్మలో బల్లెం పట్టింది లేదు. వేట దాకా ఎందుకు, బజారుకి పంపిస్తే ముదురు బెండకాయలు ఏరుకొస్తాడు. ఈ సైన్సంతా ఫోన్లో ఎవరో గడ్డమాయన చెప్తాడు. ఒకసారి మేడమ్‌ని అడిగాను, బలమున్నదే బతుకుతుందటగా మేడమ్ అని. "మీ ఆయన చెప్పాడా?" అంది ఆవిడ. "సరిపోయింది బతుకుతుందమ్మా. ఏది సరిపోతుందన్నది సీసాని బట్టి. సీసా మార్చు, సరిపోయేదీ మారుతుంది." ఆ మాట మా ఆయనకి చెప్పలేదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానంటాడు.

"అంతెందుకు?" అని ఆయన ఇంకా అందుకున్నాడు. "ఆడపిల్ల బొమ్మనెత్తుకుంటుంది, మగపిల్లాడు బండి లాగుతాడు. ఎవరు నేర్పారు? పుట్టుక!"

"నువ్వెక్కడ బండి లాగావురా?" అంది మా అత్తగారు.

ఆవిడ కుర్చీలో కూచుని మజ్జిగన్నం కలుపుకుంటోంది. చెవులు వినపడవనుకుంటాం గానీ, వినాల్సినవి వింటుంది. "గుడ్డబొమ్మ చంకనేసుకుని తిరిగేవాడివి. దానికి నీళ్ళు పోసేవాడివి, జోకొట్టేవాడివి. నీకు ముద్ద పెడితే ముందు దాని నోటికి తాకించి గాని తినేవాడివి కాదు. మీ నాన్న చూసి, వీడేంటి ఆడపిల్లలాగా అని మండిపడ్డారు. ఆ పూటే పొయ్యిలో పడేశాను. నీకు జ్వరమొచ్చింది. తగ్గాక బండి కొనిపెట్టాం. ఏడుస్తూనే లాగావు." ఆవిడ మజ్జిగ చేతిమీంచి కారుతుంటే నాక్కుంది. "పోనుపోను అలవాటైపోయిందనుకో."

అమ్మాయి పకపకా నవ్వింది. "నాన్నా, బొమ్మకి పేరేం పెట్టావు?" అంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఊరుకో అమ్మా, నీకు మతిపోయి ఏదేదో..." అన్నాడు. నిజంగా ఆయనకి గుర్తులేదు, మొహం చూస్తే తెలుస్తోంది. నేను నవ్వలేకపోయాను.  పొయ్యిలో పడేశాను, అంది ఆవిడ. నేను పడుచు తల్లుల గుడ్లు పారేసినంత మామూలుగా అంది.

మధ్యాహ్నమంతా పిల్ల బట్టలు మడతపెడుతూ అదే ఆలోచన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, ఈ మనిషి చేతులు ఇలా పుట్టాయి కాబోలు, దేనికీ ముందుకు రావు కాబోలు అనుకుంటూ వచ్చాను. నా కూతురు చంటిదిగా ఉన్నప్పుడు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. పిల్లని కాసేపు ఎత్తుకోండి అంటే, "నాకు రాదే, జారి పడుతుందేమో" అన్నాడు. కోపంతో చచ్చిపోయాను ఆ రోజు. అది రాకపోవడం కాదు, భయమని ఇప్పుడు తెలిసింది. దాని కింద ఒక గుడ్డబొమ్మ బూడిద. లక్షల ఏళ్ళ గుహలూ వేటలూ అక్కర్లేదు, ఒక మగాణ్ణి తయారుచెయ్యడానికి ఒక పొయ్యి చాలు. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని పొయ్యిల్లో, మగపిల్లల చేతుల్లోంచి ఏమేం లాక్కుని పారేశారో! ఆడపిల్లల చేతుల్లోంచి ఏమేం లాక్కున్నారో చెప్పక్కర్లేదు, నాకు డిగ్రీ వచ్చినప్పుడు "ఇంక చాల్లే, గోడకి తగిలించుకో" అన్నది మా నాన్నే. ఇలా ఒకటుంచి ఒకటి పారేసుకుంటూ వచ్చి, చివరికి మిగిలినదాన్ని చూపించి, ఇదీ ప్రకృతి అంటున్నాం. నాకు దుఃఖమూ వచ్చింది, దాన్ని మించిన అబ్బురమూ కలిగింది. ఎంత మెత్తటిది ఈ మనిషి అనే ముద్ద, ఎంత తొందరగా ఒదిగిపోతుంది! అలా ఒదిగినప్పుడు ఇలా ఎందుకు ఒదగదు?

పక్కన మనవరాలు నిద్రపోతోంది. బుల్లి పిడికిలి, అందులో నా కొంగు చివర. సముద్రం నుంచి వచ్చిన వరస ప్రస్తుతానికి ఇక్కడ ఆగి గుర్రు పెడుతోంది. దీనికోసం నా కూతురు మానకూడదని నేను మానేస్తాను. రేపు దీని బిడ్డకోసం ఇది మానకూడదని నా కూతురు మానేస్తుంది. ప్రతి తరంలోనూ ఒకతె పోతుంది, సీసా మాత్రం అదే ఉంటుంది.

సోమవారం పొద్దున అందరికీ కాఫీలిచ్చి, పిల్లకి నీళ్ళు పోసి, బట్టలు తొడిగి, నేనూ తయారై చేతిసంచి తగిలించుకున్నాను.

"చెప్పేస్తావుగా?" అంది అమ్మాయి గుమ్మంలో.

"చెప్తాను. మానట్లేదని చెప్తాను."

దాని మొహం పాలిపోయింది. "అమ్మా! మరి నా ఉద్యోగం?"

"నీ ఉద్యోగానికేం కాదు. నీకింకా వారం సెలవుంది. ఈ వారం మీ నాన్నకి నేర్పు."

మా ఆయన పేపరు దించాడు. ఆయన ఏదో అనేలోపు పిల్లని తీసుకెళ్ళి ఒళ్ళో కూచోబెట్టాను. నిజంగానే బల్లెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు పాపం. పిల్ల ఆయన కళ్ళజోడు అందుకోబోయింది.

"ఏమిటే ఇది? నీకేమన్నా పిచ్చా? ఆ ఈగలు లేకపోతే లోకం ఆగిపోతుందా?"

"లోకం ఆగదండీ. నేను ఆగిపోతాను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అరవలేదు, ఏడవలేదు.

"నాకెక్కడ వస్తాయి ఇవన్నీ? మగాడి పుట్టుకలోనే లేదు, లక్షల ఏళ్ళ నుంచీ లేదు!"

"ఉండేదిట. అత్తయ్య పొయ్యిలో వేశారుట. మా ఆలస్యపు ఈగలకి కూడా మొదట్లో ఇంత ఆయుష్షు లేదండీ, ఎక్కడో ఒకచోట మొదలవ్వాలిగా. మొదటి తరం మీరే అనుకోండి."

చెప్పులేసుకుని బయటికొచ్చాను.  వెనక్కి పిలుస్తారు, తిడతారు, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, నేను వెళ్ళిపోతాను లోపలికి, ఎప్పుడూ అంతేగా. మెట్ల దగ్గర అప్రయత్నంగా ఆగాను. పిల్ల కీచుమంది. ఆ తర్వాత మా ఆయన గొంతు, నేనెప్పుడూ వినని గొంతు, కాస్త బెదురుగా, కాస్త గారంగా వినిపించింది.

"అమ్మా, పాలు ఎంత వెచ్చగా ఉండాలే?"

ఇంత కాపురంలో ఆయన నోట పాల గురించి నేను విన్న మొదటి ప్రశ్న అది. కిటికీ దగ్గర రెండు సీసాలు పట్టుకున్న రోజులాగే చెవులొగ్గి నిలబడ్డాను. లోపల కుర్చీ కిర్రుమంది. మా అత్తగారు తాపీగా జవాబిచ్చింది.

"మణికట్టు మీద చుక్క వేసుకు చూడరా. బొమ్మకి అలాగే చూసి పట్టేవాడివిగా."

నేను మెట్లు దిగి బస్సుకి నడిచాను. ఆ రోజు ఆలస్యపు ఈగల గుడ్లు తీసే రోజు.